నీరు పల్లమెరుగు

రాత్రి రెండింటికి ఫోను మోగితే
అవతల ఎవరైనా సరే, ఒకటే మాట:
"పైకొచ్చేసింది."
ఏం వచ్చిందో చెప్పరు. నేనూ అడగను.
పాయకాపురం పంపుహౌస్‌లో పంతొమ్మిదేళ్ళ ఆపరేటర్ని,
ఆ క్రియకి కర్త ఎవరో నాకు తెలుసు.

సగం బెజవాడ నా బావిలోకి దిగుతుంది.
గుణదల కొండవాలు మేడలో ఎవరో మీట నొక్కి
తలుపేసుకుంటారు.
వాళ్ళకి అక్కడితో అయిపోయింది.
నాకు అప్పుడే మొదలు.
బియ్యం కడుగు, స్నానాల సబ్బునురగ,
కల్యాణమండపం నూనె, ఆసుపత్రి నేల కడిగిన నీళ్ళు,
పైన ఒక్క పంక్తిలో కూర్చోని వాళ్ళంతా
కింద ఒక్క గొట్టంలో కలిసి వస్తారు.
చేరెడు మురికిని మోయడానికి
గంగాళం కృష్ణ.
కలిసిందంటే ఇక అంతా మురికే,
అరటిపాదుకి పోవలసిన నీళ్ళు కూడా.

"నీరు పల్లమెరుగు" అనేది మా మామ్మ.
మేం నీటికి పల్లం మరపించాం.
అరవై హార్స్‌పవర్ల మోటారుతో ఎత్తి, వదిలి,
మళ్ళీ ఎత్తి, ఐదు మజిలీలు దాటించి
ఊరి చివర ప్లాంటుకి పంపుతాం.
చేరినంత చేరుతుంది.
మిగిలింది బుడమేరుకి తెలుసు.

ఆ ముసురు రాత్రి కరెంటు పోయింది.
జనరేటర్‌లో డీజిలు లేదు,
ఇండెంటు పెట్టి పన్నెండు రోజులు.
బావి నిండింది. నిండాక
పల్లం గుర్తొచ్చి వెనక్కి నడిచింది.
గుణదల మేడకి కాదు, అది ఎత్తు.
వాంబే కాలనీలో సువార్తమ్మ వంటగట్టు దాకా.
తడిసిన బియ్యపు సంచి చూపించి
"మీట నొక్కింది మేం కాదు కదా బాబూ" అంది.

తెల్లారి అడ్డం తీయడానికి ఏలియా దిగాడు.
దిగకూడదని కాగితం ఉంది.
మిషను వేరే వార్డులో ఉంది.
అతని నడుముకి కట్టిన తాడు నా చేతిలో ఉంది.
కాసేపు తాడు కదల్లేదు.
తర్వాత ఎవరో అరిచారు, "పైకొచ్చేశాడు!"
ఆ మాట నేను సంతోషంగా విన్నది
ఆ ఒక్కసారే.

ఆ రాత్రి ఫోను రాని సందు ఒకటుంది.
మెయిన్ లైను కోసం ఎదురుచూసి విసిగి
ఇరవై రెండిళ్ళ వాళ్ళు చందాలేసుకుని
ఖాజావలి మేస్త్రి చేత కట్టించుకున్నారు,
మూడు గదుల తొట్టి, దాని పక్కన కంకర మడి,
మడి నిండా మెట్టతామర.
మోటారు లేదు. జానెడు వాలు, అంతే.
కట్టేటప్పుడు నేను నవ్వాను. మా ఏఈ కూడా.
మొదటి నెల కంపు కొట్టింది నిజమే.
ఎవరి గుమ్మం ముందు తవ్వాలని
రెండు కుటుంబాలకి ఇప్పటికీ మాటల్లేవు.
ఆదివారం తెట్టు తీసే వంతు వస్తే
చాలామందికి హఠాత్తుగా జ్వరం.
వరదొస్తే అదీ మునుగుతుంది, నాకు తెలుసు.
కానీ వాళ్ళ మురికిలో వాళ్ళు మునుగుతారు,
సువార్తమ్మ బియ్యంలో కాదు.

డ్యూటీ దిగి చూడ్డానికి వెళ్ళాను.
ఎర్రపూలు వానకి తలలు వాల్చి ఉన్నాయి.
కొసన సన్న గొట్టం, కింద బకెట్టు.
ఒక పిల్ల ఆ నీళ్ళు తోడి బెండమొక్కలకి పోస్తోంది.
దోసిట్లో పట్టి వాసన చూశాను.
తడిమట్టి వాసన అనిపించింది.
నా ముక్కుని నమ్మకండి,
పంతొమ్మిదేళ్ళ కిందటే అది రాజీనామా చేసింది.

మొన్న పెరట్లో స్నానాలగది గొట్టం కోసి
అరటిపాదుకి మళ్ళించాను.
"డిపార్టుమెంటు వాడివై ఉండి!" అంది మా ఆవిడ.
రోజుకి ఆరు బకెట్లు
నా బావిలోకి దిగడం లేదు.
మోటారుకి తేడా తెలియదు.
లాగ్‌బుక్‌లో రాద్దామని తెరిచాను,
దానికి గడి లేదు.