గజం సముద్రం

లారిసా పట్నానికి సముద్రం లేదు.
పత్తి చేలున్నాయి, చర్చి గోపురం మీద కొంగల గూడుంది,
జూలై వస్తే పెనంలా కాలే మైదానం ఉంది.
సముద్రం కావాలంటే గంట దారి.
నా సెలూన్‌లో మాత్రం
అద్దానికీ గోడకీ మధ్య
గజం పొడుగు, మూడు జానల లోతు
ఒక సముద్రాన్ని నేనే కలుపుకున్నాను,
ఉప్పు తూచి, బకెట్టు బకెట్టుగా.

అందులో రెండు నారింజ చేపలు, ఒక ఎర్ర చారల రొయ్య,
గాలి లేకపోయినా ఊగే నాలుగు పగడాలు.
ఇరవై ఆరు డిగ్రీలు వాటి ధర్మం.
ఇరవై ఎనిమిది దాకా మర్యాదకి ఓర్చుకుంటాయి.
ఆపైన, అప్పులవాణ్ణి వీధిలో చూసినవాడి ముఖంలా
పగడం తెల్లబోతుంది.

మంగళవారం బయట నలభై మూడు.
ఏసీ ఒకసారి దగ్గి ఊరుకుంది.
మెకానిక్ శుక్రవారం వస్తానన్నాడు,
ఊళ్లో ఏసీలన్నీ ఒక్కసారే జబ్బుపడ్డాయట.

మూత తీశాను. దీపం ఆర్పాను.
నీటి మీదికి చిన్న ఫ్యాను తిప్పాను.
ఆవిరి పోతూ పోతూ
కాస్త వేడిని చంకన పెట్టుకుపోతుంది.
ఉప్పు ఎక్కడికీ పోదు,
గాజు అంచున తెల్లగా పేరుకుని లెక్క అడుగుతుంది.
పోయినన్ని నీళ్లూ మళ్లీ పోయాలి,
మంచినీళ్లు, గ్లాసు గ్లాసుగా.

"మంచుముక్కలు పడెయ్యవోయ్," అన్నాడు కుర్చీలోంచి థిమియోస్.
"పడేస్తే నీ కాఫీలా చప్పబడుతుంది సముద్రం," అన్నాను.
మంచు సీసాలోనే ఉండాలి, మూత బిగించి.
చల్లదనం ఒక్కటే బయటికి రావాలి,
అదీ మెల్లగా. తొందరపడితే
ఎండ చంపనిదాన్ని చలవ చంపుతుంది.

నా ఫ్రిజ్ చాలలేదు.
పక్క మాంసం కొట్టు వైయోస్ చోటిచ్చాడు:
కళ్లు మూయని గొర్రె తలల మధ్య
నా ఆరు సీసాలు గడ్డకట్టాయి.
అద్దె, క్రిస్మస్ దాకా ఉచితంగా గడ్డం.

మూడింటికి కరెంటు పోయింది.
ఫ్యాను ఆగిపోవడం అంత పెద్ద చప్పుడని
నాకప్పటిదాకా తెలియదు.
బ్యాటరీ మోటారు నాలుగు బుడగలు వదిలింది.
వేడి నీళ్లలో ఊపిరి పల్చన.
చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి.

కుడి బుగ్గ గీసి, ఎడమ బుగ్గ నురగతో, మెడలో తువ్వాలుతో
లేచాడు థిమియోస్.
నలభై ఏళ్లు పత్తి మిల్లులో చేసినవాడు,
చేపంటే నిమ్మకాయ పిండుకోడానికే అనేవాడు.
పేపర్లో ఆటల పేజీ మడిచి
నీళ్లకి విసరడం మొదలుపెట్టాడు.
చెవి కింద నురగ ఎండి పెచ్చు కట్టింది.
వరసలో కూర్చున్నవాళ్లు ఎవరూ నవ్వలేదు.
చెయ్యి మార్చుకుంటానన్నాను.
"నువ్వు సీసా చూసుకో."

నలభై నిమిషాలు.
కరెంటు వచ్చాక పేజీ కింద పెట్టి
అలాగే ఇంటికి వెళ్లిపోయాడు, సగం గడ్డంతో.

ఆ రాత్రి గచ్చు మీదే పడుకున్నాను,
రెండు గంటలకోసారి సీసా మార్చడానికి.
ఇరవై తొమ్మిది. ఇరవై ఎనిమిదిన్నర.
పేకాటలో ఓడుతున్నవాడు చిల్లర లెక్కపెట్టినట్టు
దశాంశాలు లెక్కపెట్టాను.

తెల్లారగట్ల రొయ్య ఇసుక మీద పడి ఉంది,
మీసాలతో సహా, ఖాళీగా.
చెయ్యి ముంచి తీశాను. బరువు లేదు.
వేసవికి ఒకటి పోవడం మామూలే అనుకున్నాను.
అబద్ధం, ఏదీ మామూలుగా పోలేదెప్పుడూ.
కాగితంలో చుట్టబోతుంటే
రాతి కింద ఇంకో జత మీసాలు కదిలాయి.
కొత్త ఒళ్లు, ఇంకా గట్టిపడని ఎరుపు,
నన్ను చూసి వెనక్కి జరిగింది.
ఇంత ఉక్కలో ఊరంతా చొక్కాలు విప్పితే
అదీ విప్పింది.

ఒక పగడం అంచున తెల్లబోయే ఉంది.
కోలుకుంటుందో లేదో ఇప్పుడే చెప్పలేను.

తొమ్మిదింటికి థిమియోస్ వచ్చాడు, ఎడమ బుగ్గ కోసం.
అరచేతిలో ఆ పొట్టు చూపించాను.
కళ్లజోడు పెట్టుకుని, ఊపిరి బిగబట్టి,
కాళ్లూ మీసాలూ అన్నీ చూశాడు.
"ఇంత శుభ్రంగా
నువ్వెప్పుడైనా గీశావా నాకు?"

ఇరవై ఏడు.
శుక్రవారానికి ఇంకా రెండు రోజులు.