పదిహేడు మిల్లీమీటర్ల మనుషులు

మాసబ్ ట్యాంక్ స్టూడియోలో
ఒకటికి వంద స్కేలులో
మనిషి ఎత్తు పదిహేడు మిల్లీమీటర్లు.
సన్‌బోర్డు ముక్కల్లోంచి కోసేదాన్ని వాళ్ళని,
ఫెవిక్విక్ చుక్కమీద నిలబెట్టేదాన్ని.
తల తిప్పరు. దాహమనరు.
ఎండ ఏ దిక్కునుందో అడగరు.

మొదటి ప్రాజెక్టు బస్‌స్టాపు.
మెహదీపట్నంలో మూడురోజులు నిలబడి లెక్కపెట్టాను,
ఎందరు కూర్చుంటారో,
ఎందరు కరెంటు స్తంభం సన్ననీడలో
ఒకరి వెనక ఒకరు గీతలా సర్దుకుంటారో.
అంతా లెక్కపెట్టి, తీరా గీసింది కొంగరెక్కలాంటి కప్పు.
వసుమతి మేడం పెన్సిలు తిరగేసి
రెక్కమీద ఒక్కసారి తట్టింది:
"నాలుగింటికి దీని నీడ రోడ్డవతల పడుతుంది.
అక్కడెవరున్నారు, వాటర్ ట్యాంకరా?"

థీసిస్‌కి పూలమార్కెట్ గీశాను.
మూడు రాత్రుల నిద్ర తినేసిన మోడల్ని
టోలిచౌకి నుంచి ఆటోలో ఒళ్ళో పెట్టుకుని తెచ్చింది ముబీనా.
నానల్‌నగర్ దగ్గర వాన.
పడమటి వరండా పెసరట్టులా మెత్తబడింది.
ఇంటికి తెచ్చాక అమ్మ చుట్టూ తిరిగి చూసి
"బాగుంది గానీ, చీపురెక్కడ పెడతారే ఇందులో?" అంది.
నవ్వాను.
జ్యూరీలో ఎవరూ అడగలేదు ఆ ప్రశ్న.

తర్వాత ఉద్యోగం. నెలకి పద్దెనిమిది వేలు.
కోకాపేటలో నలభైరెండంతస్తులు,
అంతస్తుకి ఎనిమిది ఫ్లాట్లు, ఫ్లాటుకి మూడు స్నానాలగదులు.
నా వాటా అది, అష్టోత్తర సహస్రం.
కుళాయి ఎత్తు, టైలు అతుకు, అద్దం వెనక దీపం,
ఒక్కోదానికి ఒక్కో నామం, ఒక్కో షీటు నంబరు.

సైటుకి పంపినరోజుల్లో
పొద్దుట్నించీ నీళ్ళు తాగకపోవడం నేర్చుకున్నాను.
రెండోవారం అదీ చాల్లేదు.
నారాయణపేట చెన్నమ్మ నా మొహం చూసి
ఏమీ అడక్కుండా చెయ్యి పట్టుకుని
పేల్చకుండా మిగిలిన గుండు వెనక్కి తీసుకెళ్ళింది.
తను అటు తిరిగి కొంగు చాపి నిలబడింది.
సిమెంటంటిన ఆ చీరచెంగు
ఆరోజు నాకు నాలుగు గోడలు.

తలెత్తితే పైన
నేను గీసిన వెయ్యీ ఎనిమిది.

రద్దయిన షీటు వెనకవైపు
నాలుగడుగులకి నాలుగడుగులు గీసుకుని
అంజిలయ్య మేస్త్రీకిచ్చాను.
కళ్ళజోడు లేదు, కాగితాన్ని దూరంగా పట్టుకుని చూశాడు.
"తలుపు లోపల్కి తెరుస్తున్నవ్.
సంకల పిల్లనెత్తుకున్న తల్లి యాడ నిలవడ్తదమ్మా?"
ఐదేళ్ళ చదువు. రబ్బరు తీసి చెరిపాను.
తలుపు బయటికి తిరిగింది.
పాత రేకులు, విరిగిన బ్లాకులు ఆయన తెచ్చాడు.
గడియ నలభై రూపాయలు, నాది.
లోపల్నుంచి వేసుకునేది.

ఈ ఊళ్ళో నాదంటూ నిలబడ్డ మొదటి కట్టడం
పదకొండు నెలలుంది.
ల్యాండ్‌స్కేప్ షీట్లో ఇప్పుడక్కడ
చిన్న సున్నా, మధ్యలో చుక్క: రాయల్ పామ్.
కూల్చిన్నాడు నేను ఆఫీసులోనే ఉన్నాను,
ముప్ఫైఎనిమిదో అంతస్తు షవర్లు మారుస్తూ.
ఇంటర్వ్యూల్లో అడుగుతారు, "సొంతంగా ఏం కట్టావు?"
ఫోల్డర్లో ఫొటో కూడా లేదు.

మొన్న అంజిలయ్య ఫోను, కొల్లూరు నుంచి.
గడియ చెన్నమ్మ దాచిపెట్టిందట, ఆమే ఉందట అక్కడ.
"కాయితం ఉన్నదా తల్లీ? ఈడ గూడ గట్టాలె."
కాయితం లేదు. మళ్ళీ గీసి వాట్సాప్‌లో పంపాను.
సాయంత్రానికి ఆయన గొంతు, గాలిలో, మిక్సరు చప్పుడులో:
"మంచిగున్నది గనీ...
ఒక మొల ఎక్కువ గొట్టిన.
చీపురుకు."