కొసరు

కండలేరు సముద్రంలో కలిసే చోట
పాటు తీసిన బురదలోకి మోకాళ్ళ దాకా దిగి
పాదంతో వెతుకుతుంది యాకసిరి మస్తానమ్మ.
చేతికంటే ముందు బొటనవేలికి తెలుస్తుందంట
గుల్ల ఎక్కడ ఊపిరి పీలుస్తోందో.

మంగళవారం మంగళవారం నేనొస్తాను
ఐసుపెట్టె, చీటీలు, పెన్సిలు పట్టుకుని.
ల్యాబుకి నలభై గుల్లలు కావాలి.
నలభై లెక్కబెట్టి ఇంకో గుప్పెడు వేస్తుంది.
"కొసరు లేకపోతే అది బేరమెట్టా అవుద్ది, పాపా?"

నలభై ఒకటో గుల్లని ఏ గడిలో రాయాలో
మా సార్‌కీ తెలీదు.
అందుకని కొసరు నేనే ఇంటికి తీసుకెళ్ళి
పులుసు పెట్టుకునేదాన్ని,
మొన్నటి దాకా.

ల్యాబులో నాలుగు గాజు తొట్లు.
మొదటిదాంట్లో వట్టి ఉప్పునీళ్ళు.
రెండోదాంట్లో ప్లాస్టిక్ నూక,
మైదా జల్లెడలోంచి కూడా జారిపోయేంత సన్నం.
మూడోదాంట్లో మందు,
రొయ్యల చెరువు తూము ఎత్తినప్పుడు
వాగులోకి జారేలాంటిది, చుక్కలో వందో వంతు.
నాలుగోదాంట్లో రెండూ.

నూక మింగిన గుల్ల నాలుగు రోజులు ఉమ్మి ఉమ్మి
సర్దుకుంది.
మందు తగిలిన గుల్ల తలుపు బిగించుకుని
అలిగిన పిల్లలా కూర్చుని
ఆకలేసి తెరిచింది.
నాలుగో తొట్టిలో
నూక మీదెక్కి కూర్చుంది మందు,
పడవ దొరికిన దొంగలా.
ఆ గుల్ల తలుపు మూయడమే మర్చిపోయింది.
వేలితో తట్టినా మూయలేదు.

సార్ బోర్డు మీద లెక్క వేశారు.
ఒకటీ ఒకటీ కలిపితే మూడున్నర తేలింది.
దానికో పెద్ద పేరుంది, రాసుకున్నాను.
రాస్తూంటే కళ్ళ ముందు కదిలింది మాత్రం
మస్తానమ్మ గుప్పెడు.

ఆమెకీ చెప్పాను, బోర్డు లేకుండా, బురదలో నిలబడి.
"గోరుచుట్టు మీద రోకటిపోటు!
దానికి నాలుగు తొట్లెందుకు మే?"
రెండు గుల్లలు తీసి ఒకదానికొకటి కొట్టింది.
"మా అమ్మ నాడు గచ్చు మీద రూపాయి పడ్డట్టు మోగేది.
ఇప్పుడు విను."
విన్నాను.
తడిసిన అట్టముక్క.
"బట్టీవోళ్ళు కూడా గొణుగుతుండారు,
సున్నం సగమే దిగతాందని."

ఇంతకీ నేను ఆమెకి చెప్పనిదొకటుంది.
మొదటి తొట్టి, ఏమీ కలపనిది,
మిగతా మూడింటినీ దేనితో పోల్చి చూస్తామో అది,
అందులో గుల్లని కోసి అద్దం కింద పెడితే
నీలం పోగొకటి, మెలిక తిరిగి.
సార్ నా వైపు చూశారు.
నేను నా చున్నీ వైపు.
అది నాదో, తెగిన వలదో,
ఇరవయ్యేళ్ళుగా ఈ నీళ్ళలో నానుతున్న
మస్తానమ్మ నైలాన్ చీరదో.
దానికీ గడి లేదు.

ఈ మంగళవారం కూడా నలభై లెక్కబెట్టింది.
గుప్పెడు నింపింది.
"నువ్వు తినబాకలే" అంది తనే,
"అమ్మకపోతే నాకు గడవదు గాని..."
మిగతాది అనలేదు.

పోటు మొదలైంది.
నీళ్ళు ఆమె మోకాళ్ళు దాటి
నా ఐసుపెట్టె అడుగు తాకి
ఏం తెచ్చాయో చెప్పకుండా
అడిగినదానికంటే కొంచెం ఎక్కువే
పోసి పోయాయి.