గురువారం, రెండు నుంచి నాలుగు

హూడిలో మా గుడి రెండో అంతస్తు,
కింద ట్యూబ్‌లైట్లూ పీవీసీ పైపులూ అమ్మే కొట్టు.
ముప్పై నాలుగు మెట్లు.
మేస్త్రీని కదా, కంటితోనే కొలుస్తాను:
ఒక్కోటి ఏడున్నర అంగుళాలు,
పదకొండోది మాత్రం ఎవడో తాగి కట్టినట్టు తొమ్మిది.

పాలమూరు నుంచి పారలతో వచ్చిన మెన్నోనైట్లం,
ఊళ్లో ఎంబీ చర్చి గంట విని పెరిగినవాళ్లం.
ఓబేదును ఆ మెట్ల మీదుగా
నలుగురం కుర్చీతో సహా మోసేవాళ్లం.
పంతొమ్మిదేళ్లు, నలభై కిలోలు,
సిమెంటు బస్తాకన్నా తక్కువే.
పదకొండో మెట్టు కుదుపుకి నవ్వేవాడు.

తర్వాత ఏలియాబుకు నడుం పట్టేసింది.
సుకుమార్‌కు షిఫ్టు మారింది.
నేను వైట్‌ఫీల్డులో ఆదివారాలు కూడా స్లాబు పోశాను.
తబితమ్మ రావడం మానేసింది.
మాకు తెలిసేసరికి ఐదు వారాలు.
ఆ ఐదు వారాలూ
భారాలు పంచుకోవడం గురించే ప్రసంగం.

వెళ్లాం. రేకుల ఇల్లు, గుమ్మంలో నీళ్ల డ్రమ్ము.
అలవాటుగా వాడి తల మీద చేతులు పెట్టబోతే
ఆమె అడ్డం వచ్చింది.
"ఆ తలకు నూనెలు చాలన్నా.
గుంటూరు నుంచొకాయన, చెన్నై నుంచొకాయన.
వాడు లేవకపోతే
నా విశ్వాసమెట్లుందో చూసుకోమన్నాడు ఒకాయన.
చూసుకున్నా. అది బాగానే ఉంది.
నిద్రే లేదు."

లెవెలు తప్పిన గోడలా నిలబడ్డాం.

ఏం కావాలని అడగడానికి మాకు ఏడేళ్లు పట్టింది.
చెప్పడానికి ఆమె ఊపిరి కూడా తీసుకోలేదు:
"గురువారం, రెండు నుంచి నాలుగు.
ఎవరో ఒకరు వాని దగ్గర కూసోండి."

కూర్చున్నాను. ఆ పూట కూలి సగం కోత.
మొదటి వారం గడియారం వైపే చూశాను.
మెల్లగా జావ తాగించడం వచ్చింది:
చెంచా పక్కనుంచి, గడ్డం కాస్త దించి,
గుటక చప్పుడు విన్నాకే ఇంకోటి.
వంతెన మీద మెట్రో పోతుంటే
వాడి వేళ్లు విచ్చుకుంటాయి.
ఉన్నది ఒకటే మాట వాడికి: "బా."
కన్నడంలో అది రమ్మనడం.
వాడి భాషలో ఏమిటో ఇంకా నేర్చుకుంటున్నాను.
తెర వెనక తబితమ్మ గురక.
ఇంత గురక ఇన్నేళ్లూ ఎక్కడ దాచిందో.

ఈస్టరు ముందు గురువారం, పాదాలు కడిగే రాత్రి.
మెట్ల జోలికి పోలేదు.
కొట్టు షట్టరు ముందు, బైకులు పక్కకు జరిపి
చాపలు, పళ్లేలు, ట్యాంకరు నీళ్లు.
నా చేతుల్లో ఓబేదు పాదాలు,
నేల ఎరగనివి, మడమ పురిటిబిడ్డ చెంపలా.
కడగడానికి ధూళి లేదు.
అయినా కడిగాను, వేళ్ల సందులు కూడా.

తర్వాత వాడి వంతు. పాస్టరు తటపటాయించాడు.
నేనే నా కాళ్లు ముందుకు చాపాను,
పగుళ్లలో సిమెంటు ఇంకిన కాళ్లు,
ఎవరి ముందూ చెప్పులు విప్పనివి.
నీళ్లలో వాడి చెయ్యి ఒక్కసారి ఎగిరిపడింది.
పళ్లెం తిరగబడి
పాస్టరు ప్యాంటూ, నా చొక్కా, షట్టరు దాకా తడి.
"బా," అన్నాడు.

అటు తిరిగి చూస్తే తబితమ్మ
ప్లాస్టిక్ కుర్చీలో, నోరు కాస్త తెరుచుకుని.

చివరి కీర్తన
గొంతులు దించి పాడాం.