ఏ పక్కకు నడుస్తున్నడు

ఊరి పేరు సజా.
శిక్ష అని అర్థం చెప్పి చాంద్‌పాషా నవ్వుతడు.
కాదు, ఉత్త పేరే అంటడు లింబాద్రి.
షార్జా దాటి, సిమెంటు దుమ్ము దాటి
పదమూడో నంబరు రూములో
ఎనిమిది మంచాలు, తొమ్మిది మందిమి.

పాత కాగితాల యార్డుల నా పని.
బేళ్లు కట్టే మిషను నోట్లకు పోబోతుంటే
ఆరు పుస్తకాలు గుంజుకున్న.
జపాన్‌ల గీసిన కత్తివీరుని బొమ్మల కథ,
అరబ్బీలకు మార్చింది.
ఒకటి నుంచి ఏడు. నాలుగోది లేదు.

మొదటి తప్పు నాదే.
మన లెక్క ఎడమ నుంచి తెరిచిన,
తెరవంగనే ముసలి గురువు సచ్చిపోయి ఉన్నడు.
ఏడుపులయినంక కొట్లాట, కొట్లాటయినంక దండాలు,
ఇదేం కథరా అనుకున్న.
చాంద్‌పాషా వచ్చి
నా చేతులనే పుస్తకాన్ని మలిపి పెట్టిండు.

ఆయనకు అక్షరాలొస్తయి, మాటలు రావు;
కోరుట్ల మదర్సాల మూడేండ్ల చదువు.
లింబాద్రికి మాటలొస్తయి, అక్షరాలు రావు;
పద్నాలుగేండ్ల నీళ్ల ట్యాంకరు.
జేర్ జబర్ లేని గీతల్ని ఆయన తడుముకుంట పలికితే
ఈయన కండ్లు మూసుకొని వింటడు,
"ఆగు, మల్లొకసారి" అంటడు,
అప్పుడు తెలుగు వస్తది, సగం.
మిగతా సగం బొమ్మల్నే అడగాలె.

శుక్రారం శుక్రారం, బట్టలు ఉతుక్కున్నంక, ఇదీ మా పని.

కనుకయ్యకు కథ పట్టదు. సిరిసిల్ల మగ్గం మనిషి.
"తడిసిన బట్ట గట్ల మడత పడదు" అన్నడు ఒకనాడు.
రాత్రి లేచి మల్ల చూసి
"పట్టు గావచ్చు. తప్పు నాది" అన్నడు,
ఎవరితోనో తెల్వదు, అందరం పండుకున్నం.

కొమురయ్యకు కత్తి పట్టిన చెయ్యి నచ్చింది.
కటింగ్ షాపుల ఇరవయ్యేండ్లు అదే పట్టు పట్టిన చెయ్యి ఆయనది.
ఒక్కటే కోపం:
"అడవిల ఒంటిగ తిరిగేటోనికి
నడినెత్తి గంత నున్నగ ఎవడు గొరుగుతుండు?
వాన్ని ఎందుకు గియ్యలే?"

రెండో పుస్తకంల ఒక్క మాట కాడ ఇద్దరూ ఆగిండ్రు.
దొర పోయిన బంటు, అన్నడు లింబాద్రి మొదలు.
కాదు, మాలిక్ లేనోడు.
ఎవని ముద్రా లేనోడు, ఊరూరు తిరిగేటోడు,
పని దొరికిన కాడ పని, అన్నం దొరికిన కాడ అన్నం.
"అంటే ఖల్లివల్లి" అన్నడు కొమురయ్య.
రూమంత నవ్వింది.
నవ్వి, నడిమిట్లనే ఆగింది.

మంచాల సందున కింద పండుకునేది ఓదెలు, తొమ్మిదో మనిషి.
కఫీలును ఇడిచి పదకొండు నెలలు.

తెల్లారి పొయ్యి కాడ ఓదెలే అడిగిండు:
"మన ఖల్లివల్లి నిన్న ఏ ఊర్ల ఆగిండు?"
ఇగ వీరునికి అదే పేరు.

మూడో పుస్తకం ఆఖర్ల వంతెన మీద ఆరుగురు చుట్టుకున్నరు.
ఐదు తెరిస్తే కుంటుకుంట నడుస్తున్నడు.
నడుమ ఏమైంది?
పోలీసులు పట్టిండ్రన్నడు లింబాద్రి.
మాఫీ చేసి పంపిండ్రన్నడు చాంద్‌పాషా.
నేను యార్డుల కుప్పలు ఎతికిన, రెండు నెలలు.
ఓదెలు అన్నడు:
"నాలుగుల ఏం గాలే. యాడనో పనికి కుదిరిండు.
కాలు పనిల ఇరిగింది.
దాన్ల గీయనీకె ఏముంటది?"

ఓదెలు ఫిర్యాదు వేరే ఉంది:
ఇన్ని కోసుల నడక, అవే గడ్డి చెప్పులు.

ఏడోది ఆఖరి పేజీ. మాటల్లేవు, మంచు.
చాంద్‌పాషాకూ లింబాద్రికీ పని లేదు.
ఎడమ దిక్కు నడుస్తున్నడు.
ఎనకకు మర్లిండు, ఇంటికే, అన్నం మేము.
"ఈ పుస్తకంల ఎడమంటేనే ముందట" అన్నడు చాంద్‌పాషా,
"ఇంకా పోతనే ఉన్నడు."
కనుకయ్య సుత కొట్లాటకు దిగిండు.
పదింటికి లైటు తీసేసినా ఆగలే.

చీకట్ల ఓదెలు ఫోను ఎలుగు ఆ బొమ్మ మీదికి తెచ్చిండు,
శానసేపు చూసిండు.
"ఈసారి కొత్త చెప్పులు గీసిండు" అని
ఫోను బోర్లేసి పండుకున్నడు.