చిరునామా చెప్పండి

పదకొండేళ్లుగా రేడియో టాక్సీ ఆఫీసులో రాత్రి డ్యూటీ నాది.
చెవులకు హెడ్‌ఫోను, పక్కన చల్లారిన మాతే కప్పు.
"చిరునామా చెప్పండి" అన్న ఒక్క ముక్కతో
రొసారియో ఊరంతా నాకు తెలుసు,
ముఖాలు కాదు, గుమ్మాలు.

తాగినవాళ్లు వీధి పేరు మరిచిపోతారు.
పురిటినొప్పులామె ఇంటి నంబరు
అంకె అంకె విడదీసి చెబుతుంది.
ఒకాయన మాత్రం ప్రతి గురువారం
తెల్లారుజామున మూడింటికి ఫోన్ చేసి
కారు అడిగేవాడు కాదు.
"బయట వర్షమా?" అనేవాడు.
మా కిటికీకి ఎదురుగా గోడ. అయినా
"చినుకులే" అనేదాన్ని.
ఒక గురువారం చెయ్యలేదు.
ఆ మరుసటి గురువారమూ.
పుస్తకంలో ఊళ్లో అందరి చిరునామాలూ ఉన్నాయి,
ఆయనది తప్ప.

నలభై మూడో ఏట సైకాలజీలో చేరాను.
ఇక్కడ యూనివర్సిటీకి ఫీజు లేదు.
నిద్రతో కడుతున్నాను.

జెరాక్సు కాగితాల్లో మనిషి:
ఒకచోట డబ్బాలు, ఒకచోట బాణాలు,
సిరా సరిగ్గా అంటని పదమూడో పేజీ.
పరీక్షలో ప్రశ్న ఎప్పుడూ ఆ పేజీలోంచే.
స్టాటిస్టిక్స్ రెండుసార్లు పోయింది,
మూడోసారి అత్తెసరు మార్కులతో గట్టెక్కాను.
జ్ఞాపకశక్తి పాఠం చదువుతూ
బస్సులో నా స్టాపు దాటిపోయాను,
పరానా నది దాకా.

నాలుగో ఏడు, జులై చలి, ఏడో నంబరు గది.
ప్రొఫెసర్ ఇరాస్తోర్సా రెండు కుర్చీలు ఎదురెదురుగా వేయించింది.
"ఒకరు చెప్పుకోడానికి వచ్చారు, ఒకరు వింటారు.
కథ కల్పించండి. సొంతది తేవద్దు."

నా ఎదుట తాదియో,
ఇరవై ఏళ్లవాడు, మోచేతుల దగ్గర చిరిగిన స్వెట్టరు.
"మా కుక్క తప్పిపోయింది" అన్నాడు, నవ్వాపుకుంటూ.
"ఎక్కడ? ఏ వీధి? ఎన్నింటికి?" అన్నాను.
గది గొల్లుమంది.
ప్రొఫెసర్ మాత్రం నవ్వలేదు:
"బెనిల్దా, మీరు కారు పంపిస్తున్నారు.
అతను ఎక్కడికీ వెళ్తాననలేదు."

మళ్లీ మొదటినుంచి.
కుక్క గోధుమరంగుది. ఒక చెవి వాలి ఉంటుంది.
నాన్న గేటు తీసిన చప్పుడుకే లేచేది.
"ఆయనొక్కడే దాన్ని పూర్తి పేరుతో పిలిచేవాడు.
ఇప్పుడు ఎవరూ..."

ఆగాడు.

మా ఆఫీసులో నిశ్శబ్దం అంటే లైను తెగిందని.
నా వేలు బల్లమీద లేని మీట కోసం వెతికింది.
హలో, హలో, వినిపిస్తోందా?
గొంతులో వెలక్కాయలా అడ్డంపడింది ఆ మాట.
చెయ్యిని తొడకింద నొక్కిపెట్టుకున్నాను.
హీటరు టిక్కుమంది. ఎవరో ఫ్లాస్కు మూత బిగించారు,
చాలా నెమ్మదిగా.
చిన్నప్పుడు కథ వింటూ కొట్టినట్టు
ఒక్క ఊ మాత్రం
నాకు తెలియకుండా పైకొచ్చింది.

"కుక్క లేదు" అన్నాడు తాదియో.
"మాకు ఎప్పుడూ కుక్క లేదు."

ప్రొఫెసర్ మిగతావాళ్లను కాఫీకి పంపేసింది.
మమ్మల్ని వెళ్లమనలేదు. తనూ వెళ్లలేదు,
కోటు తీసుకొచ్చి అతని భుజాలమీద వేసింది.
తర్వాతి మాటలు రాయను.
ఆ గదిలో మొదటి నియమం అదే,
అది నాకు పుస్తకం చెప్పకముందే
రాత్రి డ్యూటీ నేర్పింది.

ఆ రాత్రి మూడు దాటాక ఒక ఫోను.
ఎవరూ మాట్లాడరు.
మూడు హలోలు, తర్వాత కట్ చెయ్యాలి,
గోడమీద మా యజమాని అంటించిన రూలు.
మొదటి హలో అన్నాను.
అటు ఊపిరి. లేదా ఫ్యాను.
రాంగ్ నంబరేమో,
పక్కమీద దొర్లినప్పుడు నొక్కుకున్న ఫోనేమో.
బోర్డుమీద ఇంకా నాలుగు లైట్లు వెలిగి ఆరుతున్నాయి,
స్టేడియం దగ్గర ఎవరో తడుస్తూ నిలబడ్డారు కాబోలు,
రేపు తిట్లు తప్పవు.

"ఊ" అన్నాను.