రెండే గళ్లు

హన్మకొండ చౌరస్తా దాటినంక రెండో గల్లీ,
మెట్ల కింద మా ల్యాబు.
బీమా కంపెనీ పంపినోళ్లు పొద్దుగాల పరిగడుపున వస్తరు.
పేరు రాస్తా, సీసా ఇస్తా,
బాత్రూం దిక్కు చెయ్యి చూపిస్తా.
ఇరవై రెండేండ్ల నుంచి ఇదే నౌకరి.

సారయ్య, కాజీపేట ఆటో.
ఆయన కంటె ముందు ఆయన అంగీ వస్తది లోపలికి.
"రోజుకో డబ్బ. దాచుడెందుకు, రాసుకో" అన్నడు.
అగ్గిపుల్ల గీసి మొదటి దమ్ము గుంజితే
రైలు గేటు పడి లేచేలోపల
తలకాయకు ఎక్కుతదట,
నడుమ ఏడ ఆగని ఎక్స్‌ప్రెస్సు లెక్క.

నిహాల్, ఇంజనీరింగు మూడో ఏడు.
పొగతాగుతవా అంటే "ఛీ, కంపు" అన్నడు.
నిజమే, పిలగాని దగ్గర మామిడిపండు వాసన.
జేబుల నీలం పుల్ల ఒకటి, పెన్ను కాదు,
నా చూపు పడంగనే లోపలికి తోసిండు.
"ఉత్త ఆవిరి మేడం, జలుబుకు అమ్మ పట్టిచ్చినట్టు."

మొదట్ల వచ్చిన గొట్టాలు ప్యాసింజరు బండ్లని,
ఒక్కో టేషన్ల నిలవడుకుంట మెల్లగ ఎక్కేటియని
డాక్టరు సారు చెప్పంగ విన్న.
ఇప్పటియి అట్ల కావట.
ఉప్పు చేసి నున్నగ చేసిన్రట,
గొంతు గీరదు, దగ్గు రాదు,
సారయ్య బండి పక్కపొంటే ఉరుకుతయట.
సిగరెట్టుకైతే కొస ఉంటది, వేలు కాలితే పారేస్తం.
అయిపోయిందని చెప్పేటందుకు
దీనికి బూడిద లేదు.

ఆఖరుకు గంగామణి.
మెట్‌పల్లి దిక్కు ఊరు, ఇప్పుడు కరీమాబాద్‌ల కిరాయి.
పొగాకు వాడుతవా అవ్వా?
నవ్వింది.
"నోట్లె పెడితే మా అవ్వ నాలిక కోసేది."
సీసా అందుకునేటప్పుడు చూసిన,
బొటనవేలు కొస పసుపచ్చగ.
తొమ్మిదేండ్లకు చాట ఒళ్లెకు వచ్చిందట.
తునికాకు కత్తిరిచ్చి, చిటికెడు తంబాకు పోసి,
చుట్టి, కొన మలిచి, దారం కట్టి,
రోజుకు వెయ్యి, అంటే నలభై కట్టలు.
నలభై ఒక్క ఏండ్లు.
ఒక్కటి ముట్టియ్యలే.

మాపటీలి పట్టీలు ముంచిన.
ఈ పరీక్ష ఉల్టా:
గీత వస్తే లేనట్టు, రాకుంటే ఉన్నట్టు.
సారయ్యకు రాలే. నిహాల్‌కు రాలే.
గంగామణిది చేతుల పట్టుకొని
లైటు కింద తిప్పి తిప్పి చూసిన.
ఇంకో పట్టీ ముంచిన.
రాలే.

ఏ రైలు ఎక్కలే ఆమె.
పట్టాల పొంటి నడిచి,
అరచేతి చెమటల నుంచి,
అన్నం కలుపుకునే వేళ్ల నుంచి,
అదే ఊరికి చేరింది.
పట్టీకేం ఎరుక, ఏ తొవ్వల వచ్చినవని అడగది.

ఫారంల రెండే గళ్లు.
పొగతాగుదురు: అవును. కాదు.
సారయ్యకు అవును కొట్టిన.
నిహాల్ ఫోన్ చేసిండు,
"మేడం, కాదు పెట్టుండ్రి, డాడీ చూస్తడు."
అవును కొట్టిన.
గంగామణి కాయితం మీద పెన్ను ఆగింది.
అవునంటే అబద్ధం,
కాదంటే పట్టీ ఒప్పది.
గళ్ల పక్క ఉన్న ఇంత జాగల
చిన్నగ రాసిన: చేతులు.

మూడోనాడు కంపెనీ పిల్ల ఫోన్ చేసింది.
"గళ్ల బయట రాసింది కంప్యూటర్ తీసుకోది మేడం.
చేతులు ఏంది? పొరపాటున పడ్డదా?"

కాదు, అన్న.